ఖర్చు ఎవరి లెక్కలో?

సావనీరుకు సైన్సు వాళ్ళు ఏమీ వ్రాసివ్వరనే నింద మా తరగతి మీద చాలాకాలంగా వుంది. ఈసారి యూనియన్ కార్యదర్శి నేరుగా మా గదికే వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కిరణజన్య సంయోగక్రియ మీద వ్రాసిస్తానన్నాను. రెండు చేతులెత్తి దణ్ణం పెట్టి, "నీ సొంతది ఏదన్నా వుంటే రాయి సామీ" అన్నాడు. సొంతది అంటే రెండేళ్ళ నుంచి నా దగ్గర ఒక్కటే వుంది. అది నలుగురిలో చెప్పదగిందో కాదో తేల్చుకోలేక ఇన్నాళ్ళూ ఆగాను.

మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర ఒక పల్లె. బుచ్చి అనగానే జిల్లాలో ఎవరికైనా మొదట కోదండరాముని గుడీ, ఆ తర్వాత వరి కయ్యలూ గుర్తుకొస్తాయి. కనిగిరి రిజర్వాయరు నీళ్ళు మా కయ్యల్లోకి పారతాయి. నీళ్ళు బాగా వున్న ఏడాది ఎడగారు కూడా వేస్తాం. సొంతం ఎకరంన్నర, కౌలు మూడెకరాలు. మేము క్రైస్తవులం. మాదిగ ఇంట పుట్టిన క్రైస్తవులం. ఈ రెండు ముక్కలూ కలిపి చెబితేగాని తర్వాతి సంగతి అర్థం కాదు.

మా ముత్తాతల కంటే ముందువాళ్ళు కనిగిరి వైపు నుంచి వరికోతలకు వచ్చి ఇక్కడే నిలిచిపోయారని మా అవ్వ చెబుతుంది. (ఆ కనిగిరి వేరు, మా రిజర్వాయరు కనిగిరి వేరు. చిన్నప్పుడు నేను రెండూ ఒకటే అనుకొని, మావాళ్ళు చెరువులోంచి లేచి వచ్చారని బళ్ళో చెప్పి నవ్వులపాలయ్యాను.) వచ్చేటప్పటికే వాళ్ళు క్రైస్తవులు. అది ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే రవంత చరిత్ర చెప్పాలి.

అమెరికా బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరుకు వచ్చింది 1840లో. పుష్కరం గడిచినా చేరినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1853లో అక్కడి పెద్దలు ఈ నెల్లూరు పని మూసేద్దామా అని తర్జనభర్జన పడ్డారు. వాళ్ళ పటంలో సముద్రానికి ఆవల బర్మాలో బోలెడు చుక్కలు, ఈవల నెల్లూరు ఒక్కటే చుక్క. ‘ఒంటి నక్షత్రం’ అనే పేరు అలా వచ్చింది. మూసెయ్యకుండా ఎలాగో నెట్టుకొచ్చారు. 1865లో క్లౌ దొర వచ్చాడు. మరుసటి ఏడు ఒంగోలుకు మకాం మార్చాడు. అప్పుడు ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే, 1904లో గానీ గుంటూరు జిల్లాలో కలవలేదు. కనిగిరి ప్రాంతంలో తోళ్ళ వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1866లో బాప్తిస్మం పొంది, వూరూరా తిరిగి తనవాళ్ళకు చెప్పాడు. ఆ విధంగా మాదిగపల్లెలు కదిలాయి.

చేరేవాళ్ళకు పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చెయ్యరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి మూడూ చిన్నవే. కాని అప్పటి వూరి కట్టుబాటు చూస్తే, ఆ మూడింటితో మాదిగ ఇంటికి బ్రతుకుతెరువంతా తెగిపోతుంది. వూళ్ళో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవలసింది మాదిగ. ఆ తోలుతో కపిల బానలూ చెప్పులూ కుట్టి ఇవ్వాలి, జాతరలో డప్పు కొట్టాలి, నాట్లకూ కోతలకూ పిలిచిన రోజు పోవాలి. దానికి ప్రతిఫలం కళ్ళంలో కొలిచే నాలుగు కుంచాల గింజలు. డప్పు కొట్టం, ఆదివారం రాము అనేసరికి గింజలు ఆగిపోయాయి. గొడ్లను మేతకు రానివ్వలేదు. కొన్ని చోట్ల నీళ్ళు కూడా బందు పెట్టారు.

మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పిందట: "బాప్తిస్మానికి ముందు నడిచింది మొగోళ్ళు. నీళ్ళ కోసరం దూరాబారం నడిచింది ఆడోళ్ళు." ఈ మాట అవ్వ నవ్వుతూనే చెబుతుంది. చిన్నప్పుడు నేనూ నవ్వేవాణ్ణి.

తర్వాత 1876 నుంచి 78 వరకు మద్రాసు రాజధానిని ఊడ్చేసిన గొప్ప కరువు. సర్కారు బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే క్లౌ మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకొని, ఆకలితో వచ్చినవాళ్ళకు పార చేతికిచ్చి కూలి ఇప్పించాడు. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచేది ఇది కాదు. ఆ కరువులో సుమారు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. వేలమంది అడుగుతున్నారు. సంఖ్య చూపిస్తే అమెరికాలో సంతోషించేవాళ్ళే. కాని గంజి చేత్తో పట్టుకొని బాప్తిస్మం ఇస్తే, వచ్చినవాడు దేనికోసం వచ్చాడో ఇచ్చేవాడికీ తెలియదు, వచ్చినవాడికీ తెలియదు. అందుకని తలుపు మూశాడు. ఇక డబ్బు లేదు, కూలి లేదు అని చెప్పిన తర్వాత కూడా జనం వచ్చారు. తమకు సాయం వద్దనీ, పారపట్టి బొబ్బలెక్కిన చేతులున్నాయనీ, మళ్ళీ పంట పోయి చావవలసి వస్తే క్రైస్తవులుగానే చస్తామనీ అన్నారని ఆయన వ్రాసుకున్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు.

‘పాలపిండికి మతం మారినోళ్ళు’ అని నన్ను బళ్ళో అన్నవాళ్ళకు ఈ అంకె చెప్పాలని వుండేది. అప్పటికి నాకే తెలియదు.

అది కష్టకాలపు కథ. కష్టంలో ఖరీదు ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది: నీళ్ళు, గింజలు, పని. అడిగేవాడూ ఎదురుగా కనిపిస్తాడు. ఇప్పటి మా సంగతి వేరు. స్లాబు ఇల్లు వుంది, మోటారు సైకిలు వుంది. చర్చికి టైల్సు వేశారు. క్రిస్మసుకు నెల ముందే నక్షత్రాలు వేలాడతాయి, రెండు వూళ్ళకు వినపడే మైకు సెట్టు వుంది. (మైకు సంగతి నాకు అంత ఇష్టం లేదు. ప్రభువుకు చెవుడు లేదని ఒకసారి అని, సండేస్కూలు అయ్యగారి దగ్గర చివాట్లు తిన్నాను.) మూడు నియమాల్లో రెండు మాకు ఇప్పుడు నియమాలే కావు, ఎవరూ ఆ పనులు చెయ్యమని అడగరు. ఆదివారం ఒక్కటి మిగిలింది. అది కూడా మా పల్లెలో అందరికీ కాదు, మా నాయనకు మిగిలింది.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో వుండగా చేను కోతకు వచ్చింది. కోతమిషన్ వరుస మాకు ఆదివారం వచ్చింది. నైరుతి మూల మబ్బు పట్టి వుంది. నాయన ఆ వరుసను పక్క కయ్య రైతుకు వదిలి, మాకు సోమవారం పెట్టించుకున్నాడు. అమ్మ వాకిట్లో నిలబడి అడిగింది: "గుంటలో పడిన ఎద్దును విశ్రాంతి దినానైనా పైకి లాగొచ్చని ప్రభువే చెప్పినాడు గదా. మన వొడ్లు ఎద్దు కంటే తక్కువా?" నాయన దగ్గర జవాబు లేదు. చొక్కా తొడుక్కొని చర్చికి పోయాడు. ఆ రాత్రి వాన కొట్టింది. పైరు పడిపోయింది. వెన్ను మీదే గింజ మొలకెత్తింది. రెండు పుట్ల వొడ్లు పోయాయని ఆయన లెక్క, మూడని అమ్మ లెక్క. ఆ ఏడు కౌలు కట్టడానికి అమ్మ గాజులు బ్యాంకుకు పోయాయి.

గమనించండి, గాజులు అమ్మవి.

ఇక నా సంగతి. ఇంటర్ అయింది. నాకు వ్యవసాయ బి.యస్సీ. చదవాలని కోరిక. పొలం గట్టు మీద పెరిగినవాడికి అంతకంటే ఏం కావాలి? మొలగొలుకులు ఎందుకు పోయాయి, కొత్త వంగడాలు ఎందుకు వచ్చాయి, తెగులు ఎక్కడ మొదలవుతుంది, ఇవన్నీ నాకు కథల పుస్తకాల కంటే ఎక్కువ. ఎంసెట్ వ్రాశాను. ర్యాంకు మరీ గొప్పది కాదు, తీసిపారేసేదీ కాదు. కుల ధృవీకరణ పత్రం కావాలి. నాయనా నేనూ పోయాము. ఏ ఆఫీసో అనవసరం.

ఇక్కడ తెలియనివాళ్ళ కోసం ఒక మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళూ వాళ్ళ సంతతీ మన రాష్ట్రంలో బి.సి.-సి. కిందికి వస్తారు. మొదటిదానికి నూటికి పదిహేను, రెండోదానికి నూటికి ఒకటి. ఈ సంగతి తేల్చమని కేంద్రం 2022లో ఒక కమిషనును వేసింది. దళిత క్రైస్తవులకు ఆ హోదా ఇవ్వమని మన శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. చర్చికి పోతే కులం పోతుందని ఉత్తర్వు అనుకుంటుంది. మా పల్లె హద్దు రాయి మాత్రం ఎక్కడ వేశారో అక్కడే వుంది.

అందుచేత మావాళ్ళలో చాలా ఇళ్ళల్లో చర్చిలో ఒక పేరు, రేషను కార్డులో ఇంకో పేరు. ఇది బహిరంగ రహస్యం. ఇది చదివే మిత్రుల్లో కొందరు ఈ వాక్యం దగ్గర తల దించుకోనక్కరలేదు, నేను వేలు చూపించడానికి వ్రాయడం లేదు.

కౌంటరు దగ్గర వున్న ఆయన మంచివాడే. అర్జీ చూసి గొంతు తగ్గించి, "పెద్దాయనా, మతం కాడ హిందూ అని రాసుకోరాదా. పిల్లోడికి మంచిది గదా" అన్నాడు. నాకు గుండె కొట్టుకుంది. నాయన మాట్లాడలేదు. కిటికీలోంచి ఫారం వెనక్కి తీసుకొని, మళ్ళీ ఒకసారి అంతా చదివాడు. ఆయన చదివింది ఐదో తరగతి, చదవడానికి చాలాసేపు పడుతుంది. వెనక వరుసలో వాళ్ళు విసుక్కుంటున్నారు. అంతా చదివి, "వుండేదే వుండనీండి సార్" అని తిరిగి ఇచ్చాడు.

నన్నొక్కమాట అడగలేదు.

బుచ్చి సెంటర్లో టీ తాగుదామన్నాడు. నాకొద్దన్నాను. ఆయన ఒక్కడే తాగాడు.

సీటు రాలేదు. మా కోటాలో చివరి ర్యాంకు నా ర్యాంకు కంటే ముందే ఆగిపోయింది. రెండో కోటాలో నా కంటే వెనక వచ్చినవాళ్ళకు కూడా సీట్లు దొరికాయి. అందులో ఒకడు మా బంధువే, నేనూ వాడూ ఒకే సండేస్కూల్లో ఒకే చాప మీద కూర్చున్నవాళ్ళం. ఇప్పుడు వాడు అక్కడ చదువుతున్నాడు. సెలవులకు వస్తే వాడి పుస్తకాలు నాకిచ్చి పోతాడు. నిరుడు మా కయ్యలో సుడిదోమ పడితే ఏం కొట్టాలో చెప్పింది వాడే. క్రిస్మసు కూడికలో అందరికంటే గట్టిగా పాడేదీ వాడే. వాడు ప్రభువును వదిలేశాడని నేను చెప్పలేను. వాళ్ళ నాయన కూలి. ఎకరంన్నర కూడా లేదు. మా నాయన పట్టుదలకు ఆధారంగా కనీసం ఆ ఎకరంన్నర వుందనే సంగతి కూడా నేను మర్చిపోకూడదు.

చట్టం దృష్టిలోనూ నాయనదే రైటు. క్రైస్తవుడిగా బ్రతుకుతూ రిజర్వేషను కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనని 2024 నవంబరులో పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినప్పుడు నాయనకు చదివి వినిపించాను. ఆయన ముఖంలో గెలిచిన గుర్తేమీ కనపడలేదు. "నేను కోర్టుకు భయపడి రాయలేదబ్బయ్యా" అన్నాడంతే.

నా కోపం సీటు పోయినందుకు మాత్రమే కాదని నాకు తర్వాత తెలిసింది. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్కవేసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం మా అయ్యగారు ఏడాదికి రెండుసార్లయినా చెబుతాడు. మంచిదే. కాని లెక్క వేసేది ఒకరు, ఖర్చు రాసేది ఇంకొకరి ఖాతాలో అయితే? అబ్రాహాము కొండెక్కాడని ప్రతివాళ్ళూ ప్రసంగం చేస్తారు. కట్టెలు మోసింది ఇస్సాకు. వాణ్ణి ఎవరూ అడగలేదు. ఈ మాట యవనస్థుల కూడికలో అన్నాను. అందరూ నిశ్శబ్దమయ్యారు. తర్వాత ప్రార్థనలో నా పేరు మూడుసార్లు వచ్చింది.

శిష్యత్వానికి చెల్లించవలసిన వెల గురించి పుస్తకం వ్రాసిన బాన్‌హోఫర్ కథ ఆ కూడికలోనే విన్నాను. జర్మనీ దేశపు పాదిరి. 1937లో వచ్చిన ఆ పుస్తకంలో, వెల లేని కృపను సంఘానికి శత్రువన్నాడు. చవకగా దొరికే ఓదార్పు మనిషిని మార్చదని ఆయన వాదం. మాటలతో ఆగలేదు, హిట్లరును ఎదిరించి 1945 ఏప్రిల్ 9న ఉరికంబం ఎక్కాడు. అది చెప్పినాయన అంతటితో ముగించాడు. నేను లైబ్రరీలో మిగతాది చదివాను. ఆ తల్లిదండ్రులకు ఇద్దరు కొడుకులూ, ఇద్దరు అల్లుళ్ళూ అలాగే పోయారు. ఈ కొడుకు పోయిన సంగతి వాళ్ళకు జూలై దాకా తెలియదు. లండన్ రేడియోలో సంస్మరణ ప్రార్థన ప్రసారమవుతుంటే విని తెలుసుకున్నారు. ఆ రేడియో ముందు కూర్చున్న ముసలివాళ్ళే నాకు ఎక్కువగా గుర్తుంటారు. వాళ్ళూ, కుండ మోసిన మా అవ్వ వాళ్ళ అవ్వా, గాజులు తీసిచ్చిన మా అమ్మా.

అలా అని నాయనది తప్పని కూడా అనలేకపోతున్నాను. ఆ రోజు కౌంటరు దగ్గర నన్నడిగి వుంటే నేనేమనేవాణ్ణో నాకు బాగా తెలుసు. హిందూ అని వ్రాయించమనేవాణ్ణి, తర్వాత ఆదివారం ఎప్పటిలాగే చర్చికి పోయి కూర్చునేవాణ్ణి, ఎక్కడా ఏమీ నొప్పి పుట్టేది కాదు. క్లౌ నాడు గంజికీ బాప్తిస్మానికీ మధ్య తలుపు వేశాడు. ఇప్పుడు గంజి అవతలి గట్టున వుంది, అంతే తేడా. నోరు మూసుకుంటే చాలు, దొరుకుతుంది. కొట్టేవాడు లేడు, బావి దగ్గర అడ్డం నిలబడేవాడు లేడు, గొంతు తగ్గించి మన మంచి కోరేవాడే వున్నాడు. అలాంటివాడికి కాదని చెప్పడం ఎంత కష్టమో నేను కళ్ళారా చూశాను. ఆ ఫారం పట్టుకున్న నాయన చెయ్యి వణికింది. ఆ సంగతి రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు, కోపం తగ్గిపోతుందేమోనని.

మొన్న సెలవుల్లో ఇంటికి పోయాను. మా చెల్లెలు ఇంటర్ రెండో సంవత్సరం, నర్సింగు చదవాలని ఆశ. అదే పత్రం, అదే ఫారం మళ్ళీ మంచం మీదికి వచ్చింది. అన్నాలు తిన్న తర్వాత నాయన దాన్ని నా ముందుకు జరిపి, "నీ దాంట్లో నేనొక్కణ్ణే అనుకొని చేసినా. తప్పో ఒప్పో దేవుడికెరిక. ఈసారి నువ్వు జెప్పు, చదువుకున్నోడివి" అన్నాడు.

రెండేళ్ళుగా నేను కోరుకున్న మాట అదే. తీరా అడిగేసరికి నాలుక పెగల్లేదు. అవుననీ అనలేను, కాదనీ అనలేను. ఎటు చెప్పినా మళ్ళీ ఇంకొకరి లెక్క నేను వేసినట్టే గదా.

అప్పుడు చెల్లెలు గిన్నెలు కడుగుతున్నదల్లా లేచి వచ్చింది. "కాయితం నాది గదా. నన్నడగరేంది?" అంది. మూలన పడుకున్న అవ్వ కిచకిచ నవ్వింది.

ఫారం తీసుకొని దీపం కింద కూర్చుంది. రాత్రి పదకొండు దాకా దాని పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకొని ఏవో కూడికలు వేసింది. ఈ కోటాలో ఎన్ని సీట్లు, ఆ కోటాలో ఎన్ని, నిరుడు ఏ ర్యాంకుతో ఆగింది, తనకు ఎన్ని మార్కులు ఎక్కువ రావాలి. మధ్యలో నన్ను పిలిచి రెండు అంకెలు అడిగింది. తర్వాత పెన్ను తీసి, మతం అన్నచోట క్రైస్తవం అని గుండ్రంగా వ్రాసి, నాయన చేతికిచ్చింది.

"సీటు రాకపోతే నేను ఏడుస్తా నాయనా. అప్పుడొచ్చి ప్రార్థన చేసుకొమ్మని మాత్రం చెప్పబాకు."

"చెప్పనులే" అన్నాడు నాయన.

సోమవారం ముగ్గురం పోయి అర్జీ ఇచ్చాము. బుచ్చి సెంటర్లో టీ తాగాము. డబ్బులు నేనిచ్చాను. అటునుంచి అటే బస్సెక్కి కాలేజీకి వచ్చేశాను.